దావీదు మేస్త్రి ఇంజను కోసం గిద్దలూరు దాకా

మద్రాసు నుంచి గిద్దలూరుకు పెళ్ళికి పోయేవాళ్ళుంటారు, బదిలీ అయ్యి ఏడుస్తూ పోయేవాళ్ళుంటారు. నేను ఒక ఇంజను కోసం పోయాను. "దొరక్కపోతే?" అని మా ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది. దొరకందే ఇంటికి రానన్నాను. ఆవిడ నా మొహం ఒకసారి చూసి, లోపలికి పోయి ఇంకో రెండు పంచెలు తెచ్చి పెట్టెలో కుక్కింది.

పందేలంటే ఎడ్లవీ గుర్రాలవీ మాత్రమే తెలిసినవారి కోసం కొంచెం వెనక్కి పోవాలి. యుద్ధానికి ముందు మద్రాసు పొలిమేరల్లో మోటారు సైకిలు పందేలు జరిగేవి. నేనూ నడిపేవాణ్ణి. నాది ఒంటి సిలిండరు ఇంగ్లీషు బండి. దాని ఇంజను కట్టింది దావీదు మేస్త్రి. పెరంబూరు అవతల ఒక దొరగారి రేకుల షెడ్డులో ఆయన పని. బోర్డు మీద పేరు దొరది, లోపలికి వచ్చే జనం మాత్రం మేస్త్రి కోసం వచ్చేవాళ్ళు. సీమ నుంచి వచ్చిన ఇంజనును విప్పి, దాని లోపలి భాగాలను ఆకురాయితో రోజుల తరబడి అరగదీసి, వేరే ఇంజను చేసి ఇచ్చేవాడు. పందెం రోజున మైదానానికి వచ్చి, బండ్లకు వీపు తిప్పి నిలబడేవాడు. చూసేవాడు కాదు, వినేవాడు. "మూడో చుట్టులో భయపడినావు" అని నాతో చెప్పేవాడు. నిజమే, భయపడ్డాను.

యుద్ధం వచ్చింది, పెట్రోలు పోయింది, దొర షెడ్డు మూసి సీమకు వెళ్ళిపోయాడు. మేస్త్రి తన పనిముట్లతో పాటు నా ఇంజను కూడా పెట్టెలో పెట్టుకుని సొంత ఊరు గిద్దలూరు చేరాడు. తీరిగ్గా మళ్ళీ కడతానన్నాడు. యుద్ధం ముగిసే వేళకు ఒక కార్డు వచ్చింది: ఇంజను సిద్ధం, బిగించడమే తరువాయి, లెక్కలన్నీ పలక మీద ఉన్నాయి, వచ్చి తీసుకుపొమ్మని. ఆఫీసులో సెలవు దొరకలేదని వాయిదా వేశాను. మళ్ళీ వాయిదా వేశాను. ఈలోగా మేస్త్రి పోయాడని ఆ ఊరివాడొకడు సెంట్రల్ స్టేషన్లో కనబడి చెప్పాడు. పోయి అప్పటికే ఎనిమిది నెలలు. ఆ మాట విన్న రోజు నామీద నాకు పుట్టిన కోపం ఇంకా తగ్గలేదు. ఆ వారమే బయల్దేరాను.

ఆ పలక సంగతి కూడా చెప్పాలి. ఆయన కొలతలు కాగితం మీద రాసేవాడు కాదు. కాగితం నూనె తాగుతుంది, పలక తాగదు అనేవాడు. ఇంజనుకు ఒక పలక, బలపంతో అంకెలు, గోడకు మేకు. కంపెనీ గుర్తులన్నీ ఆయన అరగదీసేశాడు కాబట్టి, నా ఇంజనులో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో చెప్పేది ఆ ఒక్క పలకే. రవ్వ ముందుగా పడిందా, పిస్టనుకు బెజ్జం పడుతుంది. ఆ పిస్టను ఆయన స్వయంగా పోత పోసింది. ఇంకోటి లేదు, పోసేవాడూ లేడు.

పొదిలి మీదుగా

ఒంగోలులో రైలు దిగి బస్సు ఎక్కాను. బొగ్గు బస్సు. వెనకాల రాకాసి బాన లాంటి పొయ్యి, దాన్ని గాలిచక్రంతో రాజేస్తే వచ్చే పొగతో ఇంజను నడుస్తుంది. పెట్రోలు రేషను పెట్టినప్పటి నుంచి ఈ అవస్థే. పొదిలి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. సంతరోజు. మిరపకాయల ఘాటుకు బస్సంతా ఒకే గొంతుతో తుమ్మింది. అరటాకులో భోజనం ఆరణాలు. నేను పుట్టిన నెల్లూరులో ఆ డబ్బుకు చేపల పులుసు వస్తుంది. ఇక్కడ ఉలవచారు పోశారు, మూడుసార్లు అడిగి పోయించుకున్నాను. నెల్లూరివాళ్ళు నన్ను క్షమించాలి.

పొదిలి దాటాక ఒక మిట్ట మీద బస్సు ఆగిపోయింది. అందరూ దిగి తోశారు. కదల్లేదు. డ్రైవరు మస్తాను పొయ్యి మూత తీసి చూస్తుంటే నాకు చేతులు ఊరుకోలేదు. పందేలు నడిపినవాణ్ణి, నాకు తెలీదా అని తల లోపలికి పెట్టి ఊదాను. భగ్గుమంది. తల బయటికి తీసేసరికి ఎడమవైపు మీసం లేదు.

మస్తాను నవ్వలేదు, అది వాడి పెద్దరికం. తడిగుడ్డ ఇచ్చి, "ఏంది సార్, గిద్దలూరు మేస్త్రికి తెలిసినాయనా మీరు?" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"ఈ దోవలో పొయ్యిలో తలకాయ పెట్టేది ఆయనొక్కడే. అయితే ఆయన మీసం ఎప్పుడూ కాల్లేదు."

ఆ పొయ్యి బిగించింది మేస్త్రేనట. దోవ పొడవునా ఆయన కథలు చెప్పాడు మస్తాను. విమానం ఒకటి నల్లమలలో దిగబడితే మేస్త్రి పోయి ఎగరేసి వచ్చాడన్నాడు. అబద్ధం. గవర్నరు కారు చప్పుడు విని, రోడ్డు పక్క నుంచే రోగం చెప్పాడన్నాడు. దాన్ని మాత్రం నేను నమ్ముతాను.

మార్కాపురం

మార్కాపురంలో ఒక పూట ఆగడం అనుకున్నది కాదు. మీసం సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. మంగలి రెండో సగం కూడా తీసేసి, "ఇప్పుడు పట్నమోళ్ళ మాదిరి ఉండావు మామా" అని అద్దం పట్టాడు. నలభై రెండేళ్ళ వయసులో నా పైపెదవిని మళ్ళీ చూసుకున్నాను.

మనం అక్షరాలు దిద్దుకున్న పలకలన్నీ ఈ ఊరి నేలలో నుంచి వచ్చినవే. గనుల దగ్గరికి నడిచిపోయాను. నల్లరాయిని నిలువుగా పెట్టి, ఉలి మొన ఆనించి, చిన్నగా తడతారు. పుస్తకం తెరుచుకున్నట్టు పొరలు విడిపోతాయి. గట్టిగా కొడితే ముక్కలవుతుంది, మరీ మెల్లగా కొడితే ఊడదు. అక్కడ నాగమ్మ అనే ముసలామె నీడన కూచుని పొరలు విడగొడుతోంది. మేస్త్రి పలకలూ ఇక్కడివే అయ్యుంటాయని, దావీదు తెలుసా అన్నాను.

"తెలియకేమి? చిన్నప్పుడు నా పక్కన కూసోని కొట్టినోడే గదా" అంది. "రాయిని తట్టి చెవి పెట్టేటోడు. 'పెద్దమ్మా, దీనికి లోపల పగులుంది, ఇడిసిపెట్టు' అనేటోడు. కొట్టి చూస్తే నిజంగానే పగులుండేది. మా మేనేజరు వాణ్ణి చూసి దయ్యం పట్టిందనుకున్నాడు."

మద్రాసులో మేము ఆయన చెవికి అదేదో సీమ చదువు అనుకుని చేతులు జోడించేవాళ్ళం. ఆయన దాన్ని ఇక్కడ, ఈ దుమ్ములో, కూలికి వచ్చి నేర్చుకున్నాడు. ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాగమ్మ తన జొన్నరొట్టెలో సగం విరిచి, మీద ఎర్రకారం పెట్టి ఇచ్చింది. డబ్బులివ్వబోతే ఉలి ఎత్తింది.

చిన్న బండిలో

ఊరికీ రైలు స్టేషనుకూ మధ్య చాలా దూరం. జట్కావాడు ముప్పావలా అడిగి అర్ధరూపాయికి దిగాడు. ఇక్కడిది చిన్న పట్టాల బండి. పరిగెత్తడం దాని అలవాటు కాదు. కంభం దగ్గర పెట్టెలోకి సీతాఫలాల బుట్టలు ఎక్కాయి. అణాకు ఆరు. నల్లమల అడవిలో కాసినవి, గుజ్జు కంటే తీపి ఎక్కువ. మద్రాసులో పండు కొంటే బేరమాడతాం. ఇక్కడ కొన్న తర్వాత ఇంకో రెండు చేతిలో పెట్టి, "తిను నాయనా, దూరం పోయేటోడివి" అంటారు. గింజలు కిటికీలోంచి ఉమ్ముతూ గిద్దలూరు చేరాను.

గిద్దలూరు, మొదటి రోజు

స్టేషను ఎదుట కాఫీ హోటలులో కాఫీ అణా. ఎవరింటికని యజమాని అడిగాడు. దావీదు మేస్త్రి ఇంటికన్నాను. "మంచి పనోడు" అన్నాడు, గ్లాసు మాత్రం గబగబా తీసుకుపోయాడు. మేస్త్రి ఉండేది క్రైస్తవుల పేటలో. ఊరికి ఆయన చేతిపని కావాలి, ఆ చేతి నీళ్ళు అక్కర్లేదు. మద్రాసులో ఈ పట్టింపు లేదని నేను గొప్పలు చెప్పను. ఉంది, కాస్త ఇస్త్రీ చేసి ఉంటుంది.

షెడ్డు పేట చివర, నంద్యాల రోడ్డు మీద. రేకుల కప్పు, మూడు వైపులా మట్టిగోడ. లోపల అన్నీ ఆయన పెట్టుకున్నట్టే ఉన్నాయి. ఆకురాళ్ళు పెద్దవి మొదలు చిన్నవి దాకా వరసగా, నూనె గుడ్డలు ఉతికి మడతపెట్టి. బల్ల మీద దుప్పటి కప్పుకుని నా ఇంజను. దుప్పటి తీసి దాని మీద చెయ్యి వేశాను. సిలిండరు రెక్కలకు ఒక్క దుమ్ము రేణువు లేదు.

మేస్త్రి భార్య మార్తమ్మ యాభై దాటిన మనిషి. "రోజూ తుడుస్తాన్నా నాయనా. నీ కోసరం చెప్పిపోయినాడు. వస్తాడు, ఇయ్యి అన్నాడు" అంది.

గోడ వంక చూశాను. మేకులున్నాయి. ముప్పై, నలభై మేకులు. ఒక్క పలకా లేదు.

"వదినా, పలకలేవి?"

ఆమె మొహం వెలిగింది. "బడికిచ్చినాం. ఆయన పోయినాక ఆదరణ కూడిక పెట్టినాం గదా, మేస్త్రి పేరున ఏదన్నా మేలు చేయాలని అందురూ అన్న్యారు. పలకల గనిలో పెరిగిన మనిషి. పేదపిల్లోళ్ళకు పలకలిస్తే ఆయన ఆత్మకు నెమ్మది అన్న్యారు చర్చి అయ్యగారు. నేనే కడిగినా. బొగ్గు, దొండాకు పసరు పూసి నిగనిగలాడేటట్టు రుద్ది ఇచ్చినా."

నేను అప్పుడు అన్న మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "ఆయన జన్మంతా చేసిన పని కడిగేశావమ్మా" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గోడ వైపు తిరిగి ఆ మేకుల్ని చూసింది. చదువు రాని మనిషి. ఆ గీతలు పని లెక్కలని తెలుసు, పని అయిపోయాక వాటితో ఏం పని అనుకుంది. మెల్లగా చాప మీద కూలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తూ ఉండిపోయింది.

బడికి పరుగెత్తాను. పంతులు మంచివాడు, పిల్లలందరి పలకలూ ఎత్తించి చూపించాడు. ఒకదాని మీద ఎక్కాలు, ఒకదాని మీద గుణింతం, ఒకదాని మీద తోకలేని కుక్క. ఎండకు వాలుగా పట్టి, ఒక్కొక్కటే తిప్పి చూశాను. పాత గీత జాడ ఎక్కడా లేదు. ఆమె చేతి పని అంత శుభ్రం.

ఆ సాయంత్రం మార్తమ్మ వాకిట్లో నిలబడి, "మా ఇంట్లో తింటావా?" అని అడిగింది. ఆమెను అన్ని మాటలన్నాక కూడా అడిగింది. కొర్రన్నం, గోంగూర, మజ్జిగ. తలెత్తకుండా తిన్నాను. క్షమించమని అడగాలని నాలుక దాకా వచ్చి, ముద్దతో పాటు లోపలికి పోయింది.

రెండో రోజు

పొద్దున్నే ఇంజనును పెట్టెలో సర్దడం మొదలుపెట్టాను. మద్రాసు తీసుకుపోయి ఎవరో ఒకరి చేత అందాజుగా పెట్టిద్దామని. అందాజు అంటే పిస్టను మీద ఆశ వదులుకోవడమే, ఆ సంగతి నాకు తెలుసు. మార్తమ్మ వచ్చి మూతకు అడ్డంగా నిలబడింది.

"తీయి. బల్ల మీద ఎక్కియ్యి."

"ఎందుకు వదినా?"

"ఆయన రాసేటోడు, నేను తిప్పేదాన్ని. రాసింది నేను కడిగినా. తిప్పింది ఎవురు కడుగుతారు?"

నాకు బోధపడలేదు. ఆమె మూలనుంచి ఒక చెక్క చక్రం దొర్లించుకు వచ్చింది, బండి చక్రమంత. దాన్ని ఇంజను ఇరుసుకు బిగించి మెల్లగా తిప్పితే, లోపల పిస్టను పైకీ కిందికీ పోతుంది. పక్కన బల్లకు ఒక ఇనుప ములుకు. పిస్టను అన్నిటికంటే పైకి వచ్చినప్పుడు, ములుకు ఎదుట చక్రం మీద సుద్దతో గీత పెట్టాలి. రవ్వ పడాల్సింది ఆ గీత రావడానికి కాస్త ముందు. ఆ కాస్త ఎంత అన్నదే మేస్త్రి పలక మీద రాసేవాడు. చక్రం పట్టుకునేది ఈమె. ఆయన ఆపమన్నచోట ఆపేది. కదలకుండా పట్టుకుని, ములుకుకూ గీతకూ నడుమ ఎంత ఎడముందో తన వేళ్ళతో ఆనవాలు పెట్టుకునేది, ఆయన మళ్ళీ తిప్పమంటే తడుముకోకుండా ఉండాలని. అట్లా ఆరేళ్ళు, ప్రతి ఇంజనుకూ. ఆమెకేం తెలుసో నేను అడగనే లేదు, నిన్న నేను పలకల కోసమే అరిచాను.

"నీ ఇంజనుకు నాలుగు వేళ్ళు, ఇంకో చేతి చిటికెనేలు మడిచి దాని కణుపు ఒకటి" అంది. "బస్సు ఇంజన్లకు రెండు వేళ్ళే. నీది కోపిష్టిది అనేటోడు ఆయన."

నేను వంగి, చక్రం అంచున నా నాలుగు వేళ్ళు ఆనించాను. చేతి మీద ఒక్కటి వేసింది.

"నీయి లావు. నాయి పెట్టాల."

పిస్టనును పైకి తెచ్చి గీత పెట్టాం. ఆమె చక్రాన్ని వెనక్కి తిప్పి, తన వేళ్ళు పెట్టి, కణుపు మడిచి, కళ్ళు మూసుకుంది. "ఊఁ, ఈడ" అంది. రవ్వ పుట్టించే పెట్టెలో రెండు ముళ్ళ నడుమ నేను సిగరెట్టు కాగితం పొర పెట్టి లాగుతూ బిగించాను. కాగితం జారిన క్షణమే రవ్వ పడే క్షణం. మూడుసార్లు విప్పించింది. మూడుసార్లూ ఆమె వేళ్ళు ఒకే చోటికి వచ్చాయి, సుద్దగీత మందమైనా తేడా లేదు. అప్పుడు నేను నమ్మాను.

పెట్రోలు కావాలి. ఊళ్ళో బస్సుల యజమాని ఒకాయన రేషను లెక్క చెప్పి తల అడ్డంగా ఊపాడు. ఎందుకో చెప్పాను. లోపలికి పోయి ఒక సోడా సీసా నిండా తెచ్చి చేతిలో పెట్టాడు. తనూ చెప్పులేసుకుని వెంట వచ్చాడు. మేము షెడ్డు చేరేసరికి కాఫీ హోటలాయన, బడిపంతులు, పేటలో సగంమంది ఉన్నారు.

సీసా వంచి పోసి చక్రం తిప్పాను. దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాను. దగ్గను కూడా దగ్గలేదు. పది సార్లు, ఇరవై సార్లు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. వెనక ఎవరో, "ఆడదాని వేళ్ళతో ఇంజన్లు నడుస్తాయా?" అన్నారు. మార్తమ్మ వినిపించుకోలేదు.

"నా కొలత తప్పు గాదు" అంది నాతో. "వానాకాలమంతా మూసిపెట్టినాం. రవ్వ పెట్టె చెమ్మగిల్లింటాది. ఎండలో పెట్టు."

ఆ పెట్టె విప్పి ఎండకు పెట్టాం. చాలదని ఆమె మూకుట్లో నిప్పులు తెచ్చి పక్కన పెట్టింది. దాదాపు గంటసేపు అందరం నిలబడే ఉన్నాం, ఒక్కరూ ఇంటికి పోలేదు. ఆరిన పెట్టె మళ్ళీ బిగించేటప్పుడు మళ్ళీ వేళ్ళు, మళ్ళీ కణుపు. ఈసారి చక్రం నేను పట్టుకోబోతే జరగమంది. కొంగు నడుముకు దోపి, రెండు చేతులా పట్టి, ఒక్క విసురు విసిరింది.

అంటుకుంది.

మద్రాసు మైదానంలో ఎన్నోసార్లు విన్న గొంతే. ఒక్క తప్పటడుగు లేదు, పిస్టనులో ఒక్క టకటక లేదు. రేకులు అదిరాయి, గోడకున్న మేకులు సన్నగా మోగాయి. బస్సుల యజమాని తలగుడ్డ తీసేశాడు. కొంచెంసేపయ్యాక పెట్రోలు మిగుల్చుకుందామని ఆపడానికి చెయ్యి చాపాను. మార్తమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆపగాకు" అంది. చప్పుడులో వినబడక, మళ్ళీ నా చెవి దగ్గరికి వచ్చి అరిచింది. "ఆపగాకు నాయనా. ఎనిమిది నెల్లాయె ఈ ఇంట్లో చప్పుడు లేక."

ఎవరం ఆపలేదు. సీసాలో చివరి చుక్క దాకా నడిచి, రెండుసార్లు ఎగపోసి, అదే ఆగింది. ఆ నిశ్శబ్దంలో మార్తమ్మ, అందరి ఎదుటా, వేడెక్కిన ఆ సిలిండరు పక్కన కూచుని, తన రెండు చేతుల్లో మొహం పెట్టుకుని గొంతెత్తి ఏడ్చింది.